పోర్టల్ బ్రిడ్జి మూసుకోకపోతే రైళ్లన్నీ ఎందుకు ఆగిపోతాయి?

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూయార్క్ వెళ్లే రైళ్లు హాకెన్‌సాక్ నది మీది పోర్టల్ బ్రిడ్జి దగ్గర ఎందుకు నిలిచిపోతాయి, వంతెన ఇనుము పాడైపోయిందా అని అడిగారు. వంతెన 1910 నాటిదే. కానీ మొరాయించేది ఎక్కువగా ఇనుప చట్రం కాదు, పట్టాలు కలిసే చోటు.

సెకాకస్, కెర్నీ పట్టణాల మధ్య ఈ వంతెన నడిమి భాగం సుమారు 300 అడుగులు. నది మధ్యలోని స్తంభం మీద అడ్డంగా తిరుగుతుంది. పోటు సమయంలో నీటికీ వంతెనకీ మధ్య ఖాళీ 23 అడుగులే. అంతకన్నా ఎత్తైన పడవ వస్తే తెరవక తప్పదు.

ముందు రెండు వైపులా సిగ్నళ్లు ఎరుపు చేస్తారు. కొసల్లో ఏటవాలుగా కోసిన మైటర్ పట్టాలను పైకి లేపి, కింద బిగించిన వెడ్జీలను (కొసలను మోసే ఉక్కు చీలలను) వెనక్కి లాగి, అప్పుడు తిప్పుతారు. తెరిచినప్పుడు కొసలకు కింద ఆనిక ఉండదు కాబట్టి కాస్త వాలతాయి. మూసేటప్పుడు వాటిని ఎత్తి మట్టానికి తెచ్చేది ఆ వెడ్జీలే. ఆ తర్వాత మైటర్ పట్టాలు దిగి గాడిలో పూర్తిగా కూర్చోవాలి. ఎండకు ఉక్కు సాగి కొస బిగుసుకున్నా, పట్టా కాస్త పైకి నిలబడ్డా పట్టా సరిగా కూర్చుందని చెప్పే విద్యుత్ సర్క్యూట్ కలవదు, రైలు వెళ్లే సిగ్నల్ పడదు. అప్పుడు సిబ్బంది సమ్మెటలు పట్టుకుని వెళ్లి పట్టాను కొట్టి దింపాల్సిందే.

ఆ ఎరుపు సిగ్నల్ మీద విసుక్కోకండి. 1996 నవంబరు 23న సరిగా కూర్చోని మైటర్ పట్టా వల్ల అమెరికా దూరప్రయాణ రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ నడిపే 12వ నంబరు రైలు ఇక్కడే పట్టాలు తప్పి, ఎదురొస్తున్న 79వ నంబరు రైలును రాసుకుంటూ పోయింది. ప్రాణాలు పోలేదు గానీ పదుల మంది గాయపడ్డారు.

ఈ వంతెన మీద ఉన్నవి రెండే లైన్లు, కొత్త వంతెన రాకముందు రోజుకు దాదాపు 450 రైళ్లు వాటి మీదే నడిచేవి. అందుకే ఎన్ని మరమ్మతులు చేసినా ఇది తీరే జబ్బు కాదు, కావాల్సింది ఎత్తు. అందుకే దీనికి బదులుగా 2022లో పని మొదలైన కొత్త వంతెన పోర్టల్ నార్త్ బ్రిడ్జికి 50 అడుగుల ఎత్తు ఇచ్చారు. అందులో తిరిగే భాగమే లేదు.

స్టేషన్లో ‘ఆలస్యం’ అని మాత్రమే చెప్పి, వంతెన ఇరుక్కుందో లేదో చెప్పకపోవడం అన్యాయం. ఆ ఒక్క మాట తెలిస్తే జనం నెవార్క్ పెన్ స్టేషన్లోనే దిగి న్యూజెర్సీ, న్యూయార్క్‌ల మధ్య నడిచే పాత్ (PATH) రైలెక్కుతారు. పాత్‌కు నది మీద వేరే వంతెన ఉంది. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు నేరుగా వెళ్తుంది. మన్‌హటన్‌లోని 33వ వీధికైతే జర్నల్ స్క్వేర్‌లో మారాలి.