దృగ్భ్రమా? కనికట్టా?

సందేహం: మా డ్రాయింగ్ క్లాసు పిల్లలు బీచ్ రోడ్డులో చిన్న ప్రదర్శన పెడుతున్నారు. ఎంత ఎక్కినా మళ్లీ మొదటి మెట్టుకే వచ్చే బొమ్మల కింద ‘కనికట్టు చిత్రాలు – అసాధ్య దృక్పథం’ అని రాయించాను. చూసినవాళ్లొకరు తప్పన్నారు. ఏమని రాయాలి?
– ఒక డ్రాయింగ్ టీచర్, విశాఖపట్నం

సమాధానం: ముందు ‘దృక్పథం’ తీసేయండి. సంస్కృతంలో చూపు ఆనినంత మేర అనే అర్థం ఉన్నా, ఇవాళ తెలుగులో అది ఆలోచనా ధోరణే. శాస్త్రీయ దృక్పథం అంటాం కదా. బొమ్మలోని దూరం, లోతు ఆ మాటతో స్ఫురించవు. చిత్రకారులంతా అనే పర్‌స్పెక్టివ్‌నే వాడుకోండి.

కనికట్టు చక్కని మాట. కానీ అందులో కళ్లు కట్టేవాడొకడు ఉండాలి. గారడీవాడు బిళ్లను మాయం చేశాడంటే ఎక్కడో దాచాడనే. బొమ్మ ఏదీ దాచదు, గీతలన్నీ మన ఎదుటే ఉంటాయి. కాబట్టి ‘దృగ్భ్రమ’ అనండి. దిక్కు, భ్రమ కలిసి దిగ్భ్రమ అయినట్టే ఇదీ. ‘దృక్‌భ్రమ’ అని విడిగా రాయకండి. పిల్లలకు నోరు తిరగకపోతే ‘దృష్టిభ్రమ’ హాయి, అదీ ఒప్పే. ఎండమావిని మాత్రం ఇందులో కలపవద్దు. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నీళ్లలా తళతళలాడేది వేడిగాలి వంచిన వెలుగు. అది ఫొటోలోనూ పడుతుంది.

అసలు చిక్కు మీ మెట్లతోనే. ఆ ఊహను 1958లో లయనెల్, రోజర్ పెన్రోజ్ అనే తండ్రీకొడుకులు ప్రచురించారు. డచ్చి చిత్రకారుడు ఎషర్ 1960లో దాన్ని లితోగ్రాఫ్‌గా, అంటే రాతి పలక మీద గీసి తీసే అచ్చుబొమ్మగా మలిచాడు. మరుసటి ఏడాది ఒక జలపాతం వేశాడు. ఆ బొమ్మలోని కాలువ వెంట వేలు పెట్టి పోనివ్వండి. నీరు పల్లానికే పారుతున్నట్టుంటుంది, మలుపులు తిరిగేసరికి జలపాతం నెత్తిమీద ఉంటుంది! సమానమైన రెండు గీతలు పొట్టీ పొడుగూ అనిపిస్తే స్కేలు పెట్టి భ్రమ తీర్చుకోవచ్చు. ఇక్కడ స్కేలుకు పనిలేదు. ఏ మూలకు ఆ మూల ఒప్పే, అన్నీ కలిపితేనే పొసగదు. ఇలాంటివాటికి దృష్టిభ్రమ ఒక్కటే చాలదు, ‘అసంభవాకారం’ అనాలి.

‘అసాధ్యం’ ఎందుకు కాదంటారా? మోకాళ్ల నొప్పులతో సింహాచలం మెట్లెక్కడం మా అమ్మకు అసాధ్యం. పైపైకి ఎక్కుతూనే పోయి మొదటి మెట్టు మీద తేలడం ఎవరికైనా అసంభవం.

‘దృష్టిభ్రమ చిత్రాలు – అసంభవాకారాలు’ అని రాయించండి.