ఉద్యోగం, ఇల్లు, పరిచర్య మధ్య మిగిలే కొద్ది సమయం: నా అనుభవం

వందనాలు సిస్టర్. "ఇద్దరు చిన్నపిల్లలు, ఉద్యోగం, ఆదివారం సండే స్కూల్. బైబిల్ తెరిచే టైమ్ కూడా దొరకట్లేదు, దేవుని ముందు తప్పు చేస్తున్నట్టు ఉంది, ఏం చేయాలి?" అని అడిగారు. ఇదే టెన్షన్‌లో నేను చాలా కాలం ఉన్నాను. నాకు జరిగింది చెప్తాను.

మేం తార్నాకలో ఉంటాం, నా ఆఫీసు రాయదుర్గంలో. నాలుగేళ్ల క్రితం వరకు బుధవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీసు, ఆదివారం సండే స్కూల్, ఆరాధన, ఆ వెంటనే స్త్రీల కూటం. ఎవరు ఏ పని అడిగినా ఒప్పుకునేదాన్ని. దేవుని పనికి కాదనకూడదని గట్టిగా నమ్మేదాన్ని.

మా అత్తమ్మకు షుగర్ వల్ల చూపు తగ్గింది. పెద్దక్షరాల బైబిల్ కూడా చదవలేకపోయేవారు. ఒక శనివారం నేను ప్రాక్టీసుకు బయల్దేరుతుంటే "ఒక్క కీర్తన చదివి పో బిడ్డా" అన్నారు. "వచ్చినాక చదువుతా అత్తమ్మా" అన్నాను. నేను వచ్చేసరికి తొమ్మిదిన్నర. దిండు పక్కన బైబిల్ పెట్టుకుని నిద్రపోయారు. అప్పుడు ఆరో తరగతిలో ఉన్న మా అబ్బాయి, "నాయనమ్మకు రోజూ వచ్చినాక అనే చెప్తవ్ మమ్మీ" అన్నాడు. నన్ను తప్పుపట్టాలని కాదు, వాడు చూసింది చెప్పాడు. ఆ రోజు క్వయర్‌లో ఏ పాట నేర్చుకున్నామో నాకు గుర్తులేదు, ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

తర్వాతి వారం పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్లి, ఒక ఏడాది క్వయర్‌కు రాలేనని చెప్పాను. ఏమంటారోనని భయపడ్డాను. ఆమె నా చేయి పట్టుకుని ప్రార్థన చేసి పంపారు. గృహకూడికకు నెలకోసారి వెళ్తున్నాను. సండే స్కూల్ మాత్రం వదల్లేదు, ఆ పిల్లలకు నా అవసరం ఉందని నాకు తెలుసు. మీరూ అది వదలకండి. ఇంకేదైనా తగ్గించుకోండి.

పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, 5:16లో "సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు" అని ఉంది కదా. నేను దాన్ని ఖాళీ లేకుండా పని చేయమని అర్థం చేసుకున్నాను. గ్రీకులో అక్కడ ఉన్న క్రియ కొనుగోలుకు సంబంధించినది. సమయానికి వాడిన మాట కైరోస్, అంటే తగిన వేళ, అవకాశం. బజారులో డబ్బు పెట్టి సరుకు కొన్నట్టు ఆ వేళను కొనుక్కోవాలి, అంటే ఇంకోటి వదులుకోవాలి. ఇంకో సంగతి చూడండి, అదే పత్రికలో పౌలు తనను ఖైదీనని చెప్పుకుంటాడు. తన రోజు తన చేతిలో లేని మనిషి రాసిన మాట అది. ఇంట్లో, ఆఫీసులో ఇతరుల గడియారం ప్రకారం బతికే మనలాంటి వాళ్లకు ఇది ఎంత ధైర్యమో!

ఇక వాక్యం చదవడం. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు పనిదినాలు, రోజుకు ఒక్క అధ్యాయం చొప్పున 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతాయి. నేను మెట్రోలో మొదలుపెట్టాను. సెలవులు, జ్వరాలు పోను ఏడాది దాటి ఇంకో మూడు నెలలు పట్టింది. అమీర్‌పేటలో జనం ఎక్కాక ఫోన్ పట్టుకునే చోటు కూడా ఉండదు కాబట్టి అక్కడి నుంచి ఆడియోలో వింటాను. బైబిల్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఎక్కే ముందు నెట్ ఆపేస్తాను. వాట్సాప్ ఒక్కసారి తెరిస్తే మాదాపూర్ వచ్చేస్తుంది.

తెల్లవారుజామున నాలుగింటికి లేవమని చాలామంది సలహా ఇస్తారు. యేసుప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు మొదటి అధ్యాయంలో ఉంది, నిజమే. నేనూ రెండు నెలలు ప్రయత్నించాను. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే మోకాళ్ల మీదే కునికేదాన్ని, పగలంతా పిల్లాడి మీద విసుక్కునేదాన్ని. చిన్నపిల్లల తల్లికి నిద్ర కూడా దేవుడిచ్చేదే, 127వ కీర్తన చదవండి. మీకు తెల్లవారుజాము కుదరకపోతే దోషమనుకోకండి.

ప్లాన్ చెడిపోయే రోజులూ ఉంటాయి. ఒకరోజు మెట్రోలో మా ఆఫీసు అమ్మాయి పక్కన కూర్చుని ఏడ్చేసింది, ఇంట్లో ఏదో గొడవ. ఆ రోజు అధ్యాయం చదవలేదు, రాయదుర్గంలో దిగాక కూడా ప్లాట్‌ఫామ్ మీద ఇరవై నిమిషాలు ఆమెతో కూర్చున్నాను, ఆఫీసుకు లేటయింది. మార్కు 5లో యాయీరు అనే ఆయన కూతురు చావుబతుకుల్లో ఉంది, ఆ ఇంటికి వెళ్తున్న అంత తొందరలోనూ ప్రభువు పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ కోసం ఆగి, ఆమె నిజమంతా చెప్పుకునేదాకా విన్నాడు. అది చదివినప్పటి నుంచి ఇలాంటి రోజును పోయిన రోజుగా లెక్కపెట్టడం మానేశాను.

ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక అత్తమ్మకు ఒక కీర్తన చదువుతాను. పది నిమిషాలు కూడా పట్టదు. నాకు ఆఫీసు పనుంటే మా అబ్బాయి చదువుతాడు, పేర్ల దగ్గర తడబడితే ఆమె దిద్దుతారు. 119వ కీర్తన 176 వచనాలు, అందుకని రోజుకు ఎనిమిదే చదువుతాం, అది మొత్తం 22 భాగాలు. నిన్న రాత్రి అయిదో భాగం అయింది. "రేపు ఆరోది కదా" అని ఆమే గుర్తు పెట్టుకున్నారు.