మానవతావాదులు దేవుణ్ణి కాదన్నారా?

ప్రశ్న: ఐరోపా పునరుజ్జీవన కాలంలో దేవుడి స్థానంలో మనిషిని నిలబెట్టినవారే మానవతావాదులని మా డిగ్రీ పాఠంలో ఉంది. అదే పాఠంలో ఎరాస్మస్ క్రైస్తవ మతగురువు అని కూడా ఉంది. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుంది? అసలు వారు సాధించినదేమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ సందేహం సబబైనదే. 20వ శతాబ్దపు నిరీశ్వర మానవవాదాన్ని 15వ శతాబ్దానికి అంటగట్టడం వల్ల ఈ చిక్కు వచ్చింది. ఆనాటి ఇటలీలో వ్యాకరణం, వక్తృత్వశాస్త్రం, కవిత్వం, చరిత్ర, నీతిశాస్త్రం అనే చదువులను ప్రాచీన లాటిన్, గ్రీకు గ్రంథాల ఆధారంగా నేర్చి, నేర్పినవారే మానవతావాదులు. వారిలో అత్యధికులు దైవభక్తులు. చాలామంది చర్చి కొలువులోనే బతికారు.

వారు తెచ్చిన మార్పు చదివే పద్ధతిలో ఉంది. 1345లో ఇటలీలోని వెరోనాలో ప్రాచీన రోమన్ తాత్త్వికుడు, రాజకీయవేత్త సిసెరో లేఖలు ఇటలీ కవి పెట్రార్క్ కంటపడ్డాయి. తాను గురువుగా కొలిచిన తాత్త్వికుడు రాజకీయాల్లో చిక్కుకుని ఊగిసలాడిన మామూలు మనిషిగా ఆ లేఖల్లో కనిపించేసరికి, దాదాపు 1,400 ఏళ్ల కిందట చనిపోయిన ఆ సిసెరోనే సంబోధిస్తూ పెట్రార్క్ నొచ్చుకుని ఉత్తరం రాశాడు. ప్రాచీనులూ ఒకానొక కాలానికి చెందిన మనుషులేనన్న ఎరుక అందులో కనిపిస్తుంది.

ఆ ఎరుక ఎంత పదునైనదో 1440లో ఇటలీ పండితుడు లొరెంజో వల్లా చూపించాడు. కాన్‌స్టంటైన్ అనే 4వ శతాబ్దపు రోమన్ చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యాధికారాన్ని పోప్‌కు ధారపోశాడని చెప్పే దానపత్రాన్ని చర్చి శతాబ్దాలుగా చూపుతూ వచ్చింది. వల్లా దాన్ని వాక్యం వెంట వాక్యం పరీక్షించాడు. అందులోని లాటిన్ ఆ చక్రవర్తి కాలపు లాటిన్ కాదు. రోమ్ పాలనలో లేని ‘సాత్రపులు’ (ప్రాచీన పర్షియాలో ప్రాంతాల పాలకులు) అందులో సలహాదారులుగా ఉన్నారు. అప్పటికింకా వెలియని కాన్‌స్టాంటినోపుల్ నగరం అప్పటికే క్రైస్తవ మతపీఠంగా ఉన్నట్టు రాసి ఉంది. అది కూటపత్రమేనని ఆయన తేల్చాడు. పోప్‌తో నేపుల్స్ సింహాసనం విషయంలో తగవుపడుతున్న అరగాన్ రాజు ఆల్ఫొన్సో ఆశ్రయంలో ఉండి రాశాడన్నది నిజమే గానీ, అంతమాత్రాన ఆ వాదన బలం తగ్గదు. అదే వల్లా తర్వాత పోప్ ఐదవ నికొలస్ కొలువులో చేరాడు! నన్నడిగితే ఈ ఉద్యమమంతటిలోనూ మిన్న అయిన పని ఇదే. పాత పత్రాలను పరీక్షించే నేటి చరిత్రకారులు నడుస్తున్నదీ ఈ దారినే.

మీరడిగిన డచ్ పండితుడు ఎరాస్మస్ ఇదే పద్ధతిని బైబిల్‌కు వర్తింపజేసి, 1516లో కొత్త నిబంధన గ్రీకు పాఠాన్ని తన లాటిన్ అనువాదంతో కలిపి ప్రచురించాడు. పోప్ అధికారాన్ని ధిక్కరించి ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ 1522లో వెలువరించిన జర్మన్ అనువాదానికి దాని రెండవ ముద్రణే ఆధారమైంది. అయినా ఎరాస్మస్ లూథర్ పక్షాన చేరలేదు సరికదా, 1524లో మనిషి స్వేచ్ఛాసంకల్పం విషయంలో ఆయనను ఖండిస్తూ పుస్తకం రాశాడు.

ఈ చదువు సంపన్నుల ఇళ్లు దాటి పెద్దగా పోలేదన్నది కూడా మరువకూడదు. ఫ్లోరెన్స్‌కు చెందిన లియొనార్దో బ్రూనీ ఒక ప్రభుకుటుంబపు స్త్రీకి చదువు గురించి రాస్తూ చరిత్ర, కవిత్వం తప్పక చదవమన్నాడు గానీ, సభలో నిలబడి వాదించే విద్య మాత్రం ఆమెకు అక్కరలేదన్నాడు.