నేలపట్టు గూడబాతులు సైబీరియావేనా?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలను నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకువెళ్లాలనుకుంటున్నాం. అక్కడి పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయంటారు, నిజమేనా? గూళ్ల దగ్గరకు వెళ్లి చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండిన తరువాత పక్షులు గూళ్లు కట్టి పిల్లలను పెంచే కాలమది కనుక సంక్రాంతికి తప్పక వెళ్లండి. సైబీరియా మాట మాత్రం సరికాదు. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు మన దేశపు పక్షులే. నీటినీ మేతనూ వెతుక్కుంటూ ఒక చెరువు నుంచి మరో చెరువుకు, ఒక్కోసారి పొరుగు రాష్ట్రాలకు తిరుగుతాయే తప్ప హిమాలయాలు దాటి రావు. ఉత్తరాది చలిదేశాల నుంచి నిజంగా వలస వచ్చేవి సూదితోక బాతుల వంటివి. అవి శీతాకాలం ఇక్కడ గడిపి వెళ్లిపోతాయి, గుడ్లు పెట్టవు. ఈ తేడాను పిల్లలకు ముందే చెప్పడం మంచిది. గూడబాతు ఇక్కడే పుట్టి పెరిగే పక్షి అని తెలిస్తే, వానలు లేని ఏడాది ఈ చెరువు ఎండితే దాని గతి ఏమిటన్న ప్రశ్న వారికే తోస్తుంది.

1976లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ చెరువులో పక్షులు గూళ్లు కట్టే ‘కడప’ జాతి చెట్లు నీటిలోనే నిలిచి ఉంటాయి. చుట్టూ నీరు ఉన్నంత కాలం నక్కలు, అడవిపిల్లులు గూళ్లను చేరడం కష్టం; మేతకు పులికాట్ సరస్సు అందుబాటులో ఉంది.

గూళ్ల దగ్గరకు మాత్రం వెళ్లకూడదు. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి. కట్ట మీదనో పరిశీలన గోపురం మీదనో కదలకుండా కూర్చుని, బైనాక్యులర్‌తో ఒకే గూటిని అరగంట చూడండి. పది ఫోటోలకన్నా అదే మేలని నా అభిప్రాయం. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తలంతా దూర్చి చేపలు తింటుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, దాని పిల్లలకు ఇంకా ఆ సందు ఏర్పడి ఉండదు.

వీలుంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో పులికాట్ కూడా చూడండి. అక్కడి ఫ్లెమింగోలు ముక్కును తలకిందులుగా నీటిలో ఉంచి, బురదనీటిని వడగట్టి చిన్న చిన్న నీటి జీవులను తింటాయి. ఫోటో కోసం చప్పట్లు కొట్టి వాటిని ఎగరగొట్టేవారు కొందరుంటారు. మీ పిల్లలను ఆ పని చేయనివ్వకండి.