పాటలు రెండు రకాలైనా గొంతు ఒకటే: షో కోసం అప్పుకన్నా ముందు అత్యవసర నిధి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది విజయవాడ. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. తర్వాత లండన్ వచ్చి పాశ్చాత్య శాస్త్రీయ గానంలో మాస్టర్స్ చేసి ఇక్కడే స్థిరపడ్డాను. శాశ్వత నివాస అనుమతి ఉంది. ఏడేళ్లుగా ఒపేరాల్లో (పాశ్చాత్య శాస్త్రీయ గాన నాటకాల్లో) కోరస్ అంటే బృందగానం, చిన్న పాత్రలు, ఆదివారాలు చర్చిలో గానం, పిల్లలకు పాఠాలు. 2024 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు లండన్ థియేటర్ల కేంద్రమైన వెస్ట్ ఎండ్‌లో ఒక మ్యూజికల్‌లో (పాటల నాటకంలో) కాంట్రాక్టు దొరికింది. ఏజెంటు కమీషన్, ఖర్చులు పోను ఆ ఏడాది 46,000 పౌండ్లు మిగిలింది. అంతకుముందు ఏడాది 21,000 మాత్రమే. పాత క్రెడిట్ కార్డు బాకీలు తీర్చాను, ఊళ్లో ఇంటి మరమ్మతులకు పంపాను, కాస్త మంచి ఫ్లాట్‌కు మారాను. ఇప్పుడు బ్యాంకులో 6,000 ఉంది. నెల ఖర్చు 2,100. మళ్లీ ఒపేరా ఆడిషన్లకు తిరుగుతున్నాను. 2026 ఆగస్టులో ఎడింబరో ఫ్రింజ్ కళోత్సవంలో ఒపేరా పాటలు, మ్యూజికల్ పాటలు కలిపి సొంతంగా షో చేయాలని ఉంది. 18,000 పౌండ్లు కావాలి. 12,000 పర్సనల్ లోన్ తీసుకుని, మిగతాది అమ్మ నగల మీద విజయవాడలో గోల్డ్ లోన్ పెట్టించాలనుకుంటున్నాను. అమ్మే ఆ మాట అంది. రెండు రంగాల్లో పని వస్తుంది కాబట్టి రిస్క్ తక్కువే కదా? రెండేళ్ల క్రితం గొంతు వాచి మూడు ప్రదర్శనలు పోవడం తప్ప ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. షో తర్వాత డబ్బు మిగిలితే ఐసాలో (రాబడిపై పన్ను లేని పొదుపు ఖాతాలో) పెట్టాలా, అమరావతి వైపు స్థలం కొనాలా?

జవాబు: ఇంత వివరంగా రాసిన ఉత్తరంలో జనవరి 31 పన్ను గడువు గురించి ఒక్క మాట కూడా లేదు. అందుకే అక్కడే మొదలుపెడతాను.

మీరు 46,000 పౌండ్లు సంపాదించిన 2024-25 సంవత్సరానికి పన్ను ఇంకా పూర్తిగా కట్టలేదు. 12,570 మినహాయింపు పోను మిగిలిన 33,430 మీద 20 శాతం ఆదాయపు పన్ను 6,686. దాని మీదే 6 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా) మరో 2,006. మొత్తం 8,692 పౌండ్లు. మీ పాత 21,000 లాభం లెక్కన 2025 జనవరిలో, జూలైలో ముందస్తుగా కట్టింది ఇందులో సుమారు 2,445. అంటే 2026 జనవరి 31 లోగా ఇంకా 6,247 కట్టాలి.

మీరు ఇంతవరకు లెక్క వేసుకుని ఉన్నా, అసలు దెబ్బ దీని తర్వాత ఉంది. అదే రోజున 2025-26 సంవత్సరానికి మొదటి ముందస్తు వాయిదా కూడా కట్టాలి. అది పోయిన ఏడాది పన్నులో సగం, 4,346. రెండూ కలిపితే 10,593 పౌండ్లు. మీ దగ్గర ఉన్నది 6,000. ఆ తర్వాత జూలై 31న ఇంకో 4,346. మీ షో ఆగస్టులో. సరిగ్గా షోకి ముందు రోజుల్లో పన్ను వాయిదా వచ్చి కూర్చుంటుంది. ఆ వేళకి పర్సనల్ లోన్ ఈఎంఐ కూడా మొదలై ఉంటుంది. అమ్మ నగల మీద వడ్డీ నడుస్తూ ఉంటుంది. మీరు షో కోసమని తీసుకునే 12,000 పౌండ్ల అప్పులో పెద్ద భాగం పన్నుకే పోతుందని ఈ లెక్కే చెబుతోంది.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. ఒక ఏడాది పెద్ద కాంట్రాక్టు చేసి, మరుసటి ఏడాది చిన్న పనుల్లోకి వచ్చిన కళాకారులు దాదాపు అందరూ ఇక్కడే చిక్కుకుంటారు. మీ ఉత్తరానికి ఇంత పొడుగ్గా జవాబు రాయడానికి కారణం అదే. పన్ను బాగా సంపాదించిన ఏడాదిని బట్టి వస్తుంది, కట్టాల్సి వచ్చేది చేతిలో పని లేని ఏడాదిలో. వెస్ట్ ఎండ్ వాళ్లు ప్రతి వారం ఇచ్చిన డబ్బులో దాదాపు ఐదో వంతు మీది కాదు. అది మీ ఖాతాలో కనబడినంత మాత్రాన ఖర్చు పెట్టుకోదగ్గ డబ్బు అయిపోదు.

చేయాల్సిన పని ఒకటుంది. ఈ ఏడాది లాభం తక్కువగా ఉండబోతోందని తెలిస్తే ముందస్తు వాయిదాలను తగ్గించమని పన్ను శాఖను అడగవచ్చు. ఈ ఏడాది మీకు 24,000 వస్తుందనుకుంటే పన్ను దాదాపు 2,972, ఒక్కో వాయిదా 1,486. అప్పుడు జనవరిలో కట్టాల్సింది 7,733 అవుతుంది. మరీ తక్కువ చూపించకండి, తేడా వస్తే దానిపై వడ్డీ వేస్తారు. ఇంకా చాలకపోతే, రిటర్న్ వేశాక వాయిదాల్లో కట్టే ఏర్పాటు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. 30,000 పౌండ్లలోపు బాకీకి అది కుదురుతుంది. వడ్డీ ఉంటుంది గానీ ఆలస్యపు జరిమానాల కంటే నయం. గడువు దాటి 30 రోజులైతే బాకీలో 5 శాతం జరిమానా పడుతుంది. రిటర్న్ ఆలస్యమైతే మొదటి రోజే 100 పౌండ్లు. కాబట్టి రిటర్న్ ఈ వారమే వేయండి. ఇంకో మాట. ఖర్చులు తీయకముందు మీ మొత్తం రాబడి 50,000 దాటి ఉంటే, 2026 ఏప్రిల్ 6 నుంచి మూడు నెలలకోసారి డిజిటల్‌గా లెక్కలు పంపాలి. లాభం 46,000 కదా అని ఊరుకోకండి, చూసేది మొత్తం రాబడినే.

ఇప్పుడు మీ అసలు నమ్మకం సంగతి. రెండు రంగాల్లో పని ఉంది కాబట్టి రిస్క్ తక్కువ అంటున్నారు. నేను ఒప్పుకోను.

ఒపేరాలో పని చాలా ముందుగా ఖాయమవుతుంది. పెద్ద సంస్థలు ముఖ్య పాత్రలకు రెండు మూడేళ్ల ముందే మాట్లాడుకుంటాయి, చిన్న పాత్రలకూ నెలల ముందే తేదీలు అడుగుతాయి. మ్యూజికల్ అలా కాదు. ఆడిషన్ అయిన కొద్ది వారాల్లో రిహార్సల్స్, ఆపైన వారానికి ఎనిమిది ప్రదర్శనలు. మీరు ఆ ఏడాది కాంట్రాక్టుకు సరేనన్న రోజునే, ఆ తర్వాతి సీజన్‌కు ఒపేరా వాళ్లు అడిగిన తేదీలను వదులుకున్నట్టు. మ్యూజికల్ ముగిసేసరికి ఒపేరా డైరీ ఖాళీ. మళ్లీ నిండడానికి ఎన్ని నెలలు పడుతుందో ఇప్పుడు మీకే అనుభవంలోకి వస్తోంది. పైగా ఏడాదిపాటు మైకులో పాడిన గొంతును మైకు లేకుండా ఆర్కెస్ట్రాను దాటి వినిపించే స్థాయికి మళ్లీ తేవాలి. అంటే కోచింగ్ ఖర్చు. రాబడి తగ్గిన నెలల్లోనే ఖర్చు పెరుగుతుంది. ఒక రంగం నుంచి ఇంకో రంగానికి మారిన ప్రతిసారీ మధ్యలో ఒక గండి పడుతుంది. ఆ గండిని దాటించేది పొదుపు ఒక్కటే.

అమెరికన్ గాయని కెల్లీ ఓ'హారా పేరు మీలాంటి వాళ్ల నోట తరచూ వింటాను. ఆమె 2014 డిసెంబరు 31న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో అడుగుపెట్టి, ఆ తర్వాతి వసంతంలోనే న్యూయార్క్ థియేటర్ల కేంద్రమైన బ్రాడ్‌వేలో పాత మ్యూజికల్ 'ది కింగ్ అండ్ ఐ' కొత్త నిర్మాణంలో నటించి, ఆ ఏడాదే టోనీ అవార్డు అందుకున్నారు. ఆమె ప్రతిభ మీద నాకు గౌరవం ఉంది. కానీ అలాంటి స్థాయిలో తేదీలు గాయకుల వీలు చూసుకుని కుదురుతాయి. కోరస్‌లో, చిన్న పాత్రల్లో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా కోరస్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2022 నవంబరులో ప్రభుత్వ ఆర్థిక సాయం విషయంలో దెబ్బ తగిలాక, ఏడాది పొడుగునా ఉండే కోరస్ ఉద్యోగాలు 2024 నాటికి ఏడు నెలల హామీకి దిగివచ్చాయి. తన సొంత థియేటర్ కొలిజియం వేదికపై ఆ సంస్థ మ్యూజికల్స్ కూడా వేసింది. రెండు రంగాలూ ఒకే కప్పు కింద ఉన్నచోటే ఇలా జరిగింది.

2020 మార్చి 16న వెస్ట్ ఎండ్ థియేటర్లు మూతపడ్డాయి. అదే వారంలో ఒపేరా హౌసులూ మూతపడ్డాయి, చర్చి గానమూ ఆగింది. మీకున్న నాలుగు దారుల్లో మూడు ఒక్క వారంలో మూసుకుపోయాయి. స్వయం ఉపాధి వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన సాయం, ఆదాయంలో కనీసం సగం స్వయం ఉపాధి నుంచి వస్తేనే దక్కింది. లాభం 50,000 దాటినా రాలేదు. కొంత జీతంగా, కొంత కాంట్రాక్టుగా సంపాదించే కళాకారులు ఎంతోమంది రెంటికీ చెడ్డారు. ఆ రోజుల్లో బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది పక్కన నాలుగు డబ్బులు ఉంచుకున్నవాళ్లే.

ఇక గొంతు. మూడు ప్రదర్శనలు పోయాయని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మాత్రం అదే అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం. ప్రదర్శనకింత అని ఇచ్చే ఒపేరా కాంట్రాక్టులో పాడకపోతే డబ్బు లేదు. స్వయం ఉపాధి కాబట్టి అనారోగ్యపు జీతమూ లేదు. 2009లో ఒపేరా గాయకుడు రోలాండో విలాజోన్ స్వరతంతువుల్లో సిస్ట్‌కు (తిత్తికి) ఆపరేషన్ చేయించుకుని నెలల తరబడి వేదికకు దూరమయ్యారు. 1997లో గొంతు ఆపరేషన్ తర్వాత నటి, గాయని జూలీ ఆండ్రూస్ పాట పోయింది. మీ ఒపేరా పాట, మ్యూజికల్ పాట, చర్చి పాట, పిల్లలకు చెప్పే పాఠం, అన్నీ ఒక్క గొంతు మీదే నడుస్తున్నాయి. అది పది వారాలు మూగబోతే నాలుగు రాబడులూ ఒకేసారి ఆగుతాయి. ఈ స్థితిలో 18,000 అప్పు నెత్తిన పెట్టుకోవడమంటే గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడమే.

మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు తొమ్మిది నెలలు కావాలి. నెలకు 2,100 చొప్పున 18,900 పౌండ్లు. గమనించారా, మీ షో ఖర్చూ ఇంచుమించు అంతే. ఆ వెస్ట్ ఎండ్ ఏడాదిలో పన్నుకు 8,692, ఇంటి ఖర్చుకు 25,200 తీసేస్తే 12,100 మిగలాల్సింది. అది కార్డు బాకీలకు, ఇంటికి, ఫ్లాట్‌కు పోయింది. కార్డు బాకీ తీర్చడం మంచి పనే, తప్పు పట్టను. కానీ ఇకమీదట వచ్చే ప్రతి చెల్లింపులో, అది 80 పౌండ్ల చర్చి డబ్బయినా సరే, 30 శాతం అదే రోజు పన్ను కోసం వేరే ఖాతాలోకి వెళ్లాలి. ఆ ఖాతాను అత్యవసర నిధిగా లెక్కపెట్టకండి. నిధికి ఇంకో ఖాతా. ఎప్పుడంటే అప్పుడు తీసుకునే సాధారణ పొదుపు ఖాతా చాలు, రాబడి ఎక్కువ రావాలని వెతకొద్దు. అద్దె తగ్గించుకోగలరేమో కూడా చూడండి. కొత్త ఫ్లాట్‌లోకి వెస్ట్ ఎండ్ డబ్బు చూసి వెళ్లారు, ఆ డబ్బు ఇప్పుడు రావడం లేదు.

పనిచేయలేనప్పుడు నెలనెలా డబ్బిచ్చే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ కూడా తీసుకోండి. మీ సొంత వృత్తి చేయలేకపోతే చెల్లిస్తామని స్పష్టంగా ఉన్నదే తీసుకోవాలి. "ఏదో ఒక పని చేయగలిగితే ఇవ్వం" అనే పాలసీ గాయనికి పనికిరాదు, గొంతు పోయినా మీరు ఆఫీసులో కూర్చోగలరు కదా. దరఖాస్తులో ఆ మూడు ప్రదర్శనల సంగతి దాచకండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు. గొంతులో కొంచెం తేడా అనిపించినా బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ మెడిసిన్‌లో ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు.

అమ్మ నగల మాట. దీని మీద నాకు ఓపిక లేదు, సూటిగానే చెబుతాను. ఆ సుమారు ఏడు లక్షల రూపాయల అప్పు అమ్మ పేరు మీద ఉంటుంది. గోల్డ్ లోన్లు ఎక్కువగా ఏడాది గడువుతో ఉంటాయి. అసలు, వడ్డీ కట్టలేకపోతే నోటీసు మీకు లండన్‌కు రాదు, విజయవాడలో అమ్మకు వస్తుంది. ఆ తర్వాత వేలం. ఫ్రింజ్‌లో హాలు అద్దె, ఊరంతా అద్దెలు మండిపోయే నెలలో బస, పోస్టర్లు, పియానో వాయించేవారి ఫీజు అన్నీ కళాకారుల నెత్తినే పడతాయి. చాలామందికి టికెట్ల డబ్బుతో ఖర్చు కూడా తిరిగి రాదు. పేరు వస్తుంది, పరిచయాలు పెరుగుతాయి, అది నిజమే. కానీ వాటితో ఏడాది తిరిగేలోగా నగలు విడిపించలేరు. అమ్మ ప్రేమతో అంది, మీరు వద్దనండి. పర్సనల్ లోన్ కూడా వద్దు.

ఐసా, నిధి నిండాక. అమరావతి స్థలం ఇప్పుడు ఆలోచించాల్సిన సంగతే కాదు. నటీనటుల యూనియన్ ఈక్విటీ నడిపే పెన్షన్ పథకంలో చేరితే వెస్ట్ ఎండ్ కాంట్రాక్టుల్లో యజమాని వాటా కూడా వస్తుంది, తర్వాతి కాంట్రాక్టుకు ముందే చేరండి.

షో మానేయమనడం లేదు. ఆ రెండు రకాల పాటల్ని ఒకే సాయంత్రం వినిపించాలన్న మీ కోరిక నాకు నచ్చింది. లండన్‌లోనే ఒక చిన్న హాలులో ఒక్క రాత్రి, ఒక్క పియానోతో చేసి చూడండి. మీ స్థాయి గాయకులకు ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ వ్యక్తిగత గ్రాంటు 2,000 నుంచి 12,000 పౌండ్ల వరకు ఉంటుంది, కొత్త కార్యక్రమం తయారుచేసుకునే కాలానికి దానికి దరఖాస్తు పెట్టండి. అది తిరిగి కట్టనక్కర్లేని డబ్బు. ఎడింబరో 2027 ఆగస్టుకు పెట్టుకోండి. అప్పటికి రెండు ఖాతాల్లో ఎంతెంత ఉందో, 2027 జూలై 31 వాయిదాకు డబ్బు పక్కన పెట్టారో లేదో నాకు రాయండి, అప్పుడు షో ఖర్చు గురించి మాట్లాడుకుందాం.