గన్నవరం టు వైజాగ్ ఫ్లైట్: 290 కిలోమీటర్లా, 350 ఆ?

విజయవాడ నుంచి వైజాగ్‌కి ఫ్లైట్ దూరం ఒకచోట 290 అని ఇంకోచోట 350 అని ఉంది, ఏది నమ్మాలి, ఎంతసేపు పడుతుంది అని అడిగారు కదా. రెండూ కరెక్టేనండి. 350 అనేది రోడ్డు, రైలు లెక్క. విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరం రన్‌వే నుంచి వైజాగ్ రన్‌వేకి మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే 290 కి.మీ. దాకా వస్తుంది, ఆ గీత కూడా దాదాపు రాజమండ్రి మీదుగానే పోతుంది.

టికెట్ మీద గంటో, గంటా ఐదో పది నిమిషాలో వేస్తారు కానీ గాల్లో ఉండేది 40-45 నిమిషాలే, విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా అంతా కలిపి రాస్తారు మరి. మా చెల్లివాళ్లు వైజాగ్‌లో గాజువాకలో ఉంటారు, మొదటిసారి అమ్మని తీసుకెళ్లినప్పుడు బెల్టు లైటు ఆరగానే మంచినీళ్లు కావాలంది, ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి తెచ్చి ఇచ్చేలోపే దిగుతున్నాం బెల్టులు పెట్టుకోండి అని అనౌన్స్‌మెంట్, అమ్మ గ్లాసు పట్టుకుని "అప్పుడేనా, ఇంతకీ తుని అన్నా దాటామా" అంది.

వెళ్లేటప్పుడు కుడివైపు విండో తీసుకోండి. మబ్బు లేకపోతే ఎక్కిన కాసేపటికే కొల్లేరు వైపు చేపల చెరువులు గళ్లలుంగీ ఆరేసినట్టు కనిపిస్తాయి, తర్వాత ధవళేశ్వరం బ్యారేజీ, అక్కడ గోదారి పాయలుగా చీలి కోనసీమలోకి వెళ్లడం. నాకైతే టికెట్ డబ్బులు అక్కడికే గిట్టుబాటు.

టైమ్ కలిసొస్తుందని మాత్రం అనుకోకండి. బెంజిసర్కిల్ నుంచి గన్నవరం 20 కి.మీ. ఉంటుంది, రామవరప్పాడు రింగ్ దగ్గర ఇరుక్కుంటే అంతే, చెక్-ఇన్ కౌంటర్ గంట ముందు, గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు కాబట్టి ఎంత లేదన్నా రెండు గంటల ముందు బయల్దేరాలి, అటు దిగాక బ్యాగు, ఆటో, ట్రాఫిక్, అన్నీ కలిపితే ఇంటి నుంచి ఇంటికి నాకు నాలుగు గంటలు పైనే పట్టింది. వందేభారత్ స్టేషన్ నుంచి స్టేషన్‌కి నాలుగు, నాలుగున్నర గంటల్లో దింపేస్తుంది. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ అయితే ఆరు గంటలు అనుకోండి. రేపు ఫ్లైట్లు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి మారితే అక్కణ్ణుంచి సిటీలోకి 45 కి.మీ. దాకా ఉంటుంది, గాజువాక వాళ్లకి ఇంకా దూరం.

డిసెంబరు, జనవరిలో పొద్దున్నే ఫ్లైట్ వద్దు, గన్నవరంలో పొగమంచు పడుతుంది, నేను ఒకసారి రెండున్నర గంటలు కుర్చీలో కూర్చున్నాను. అన్నట్టు యాప్‌లో నాలుగైదు గంటల ప్రయాణం అని చూపిస్తే అది హైదరాబాద్ లాంటి ఊరి మీదుగా తిప్పే టికెట్, "నాన్‌స్టాప్" అని ఉందో లేదో చూసుకునే డబ్బు కట్టండి.