ఉరుము వినపడగానే వరి కయ్యలోంచి లేవాలి

చిరంజీవి పెంచలయ్యకు ఆశీస్సులు.

ఈ ఎడగారు (ఎండాకాలం వరి పంట) నుంచి నాట్లేసే ముఠాకి నువ్వే మేస్త్రివని తెలిసింది. కూలి లెక్కలు ఎవరైనా నేర్పుతారు, నేను పిడుగు సంగతి రాస్తున్నా. మనవైపు ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటంతా ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక పడమట వెలిగొండల మీద మబ్బు లేస్తుంది. చినుకు పడ్డాక పోదాంలే అనుకుంటారు, ప్రాణాలు పోయేది అక్కడే. వాన ఇంకా 10 కిలోమీటర్ల అవతల ఉండగానే పిడుగు పడగలదు.

మెరుపు మెరవగానే లెక్కపెట్టు. 3 సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపే ఉరిమితే నారు కట్టలు ఎక్కడివక్కడ వదిలేసి లేవాల్సిందే. మెరుపు కనపడకుండా ఉరుము ఒక్కటే వినపడినా అంతే. 'ఈ ఒక్క కయ్య అయిపోనీ' అని రైతు అంటాడు, వినొద్దు. ఆడోళ్ళు అర్జునా ఫల్గుణా అనుకుంటారు, అనుకోనీ, కాళ్ళు మాత్రం నడుస్తూ ఉండాలి. మళ్ళీ దిగేది చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలకు.

ఎక్కడికి పోవాలో పొద్దున పనిలో దిగకముందే చూసిపెట్టుకో. మిద్దె, బడి, సచివాలయం, తలుపులు మూసిన కారు, బస్సు మంచివి. ఆటో, ట్రాక్టరు, నాలుగు గుంజల రేకుల పందిరి పనికిరావు. మోటారు కొట్టంలోకి పోవాల్సొస్తే స్టార్టరు పెట్టెనీ బోరు పైపునీ తాకనీకు. చెట్టు కిందికి మాత్రం ఎవరినీ పోనీకు. పిడుగు మాను మీంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలోనూ పారుతుంది. గొర్రెలు చెట్టు కింద మందకు మంద చచ్చేది ఇందుకే: ముందుకాళ్ళకూ వెనక్కాళ్ళకూ ఎడం ఉంటుంది కదా, ఒక జత కాళ్ళలో ఎక్కిన కరెంటు గుండె మీదుగా రెండో జతలోకి దిగుతుంది.

దారిలోనే చిక్కుకుంటే మనిషికీ మనిషికీ 15 మీటర్ల ఎడం పెట్టి నడిపించు. అందరికీ ఒకేసారి తగిలితే చూసే దిక్కుండదు. పార, గొడుగు పైకెత్తొద్దు, కంచె తీగ ముట్టుకోవద్దు. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే మడమలు కలిపి గొంతుక్కూర్చుని, తల వంచి చెవులు మూసుకోవాలి. పడుకోకూడదు. ఇది గట్టి రక్షణేం కాదు, వేరే దారి లేనప్పుడు చేసేది.

సెల్లు పిడుగును లాగుతుందనేది ఉత్త మాట. అందులో దామిని యాప్ పెట్టుకో, 20, 40 కిలోమీటర్ల లోపు మెరుపులు చూపిస్తుంది. 108కి చేసేదీ దాంతోనే.

పిడుగు తగిలినవాళ్ళ ఒంట్లో కరెంటు ఉండదు, భయపడకుండా పట్టుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు పడితే, మూలిగేవాళ్ళ కంటే ఊపిరాడనివాళ్ళను ముందు చూడు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడిమధ్య రెండు చేతులతో 5 సెంటీమీటర్లు దిగేట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 30 నొక్కులకు 2 సార్లు నోట్లో ఊపిరి ఊదాలి. పిడుగుకి గుండె మళ్ళీ కొట్టుకున్నా ఊపిరి ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ఊదడం మానొద్దు. 108 వచ్చేదాకా ఇద్దరు వంతులేసుకోండి. లేచి నడిచినవాళ్ళనైనా ఆసుపత్రికి పంపు, గుండె, చెవులు చూపించాలి.

నీ పెదనాయన